కూలిన ఇంటి అంజీర... మా కుండీలో కాసింది!

ఎడిసన్ (న్యూజెర్సీ): అమెరికాలో ఇల్లు కొన్నా, అద్దెకు దిగినా మనవాళ్లు మొదట చేసే పనుల్లో ఒకటి కరివేపాకు కుండీ పెట్టుకోవడం. ఆ తర్వాత మల్లె వస్తుంది, వేసవి రాగానే గోంగూర, బచ్చలి వస్తాయి. మేమూ అంతే. కానీ మా కుండీల వరసలో చివర ఒక చెట్టుంది. అది మన ఊరిది కాదు, ఇటలీది. నేల నుంచి జానెడు ఎత్తున దాని కాండం మీద వేలి కణుపులాంటి బుడిపె కనిపిస్తుంది. బుడిపె కింద ఉన్నది స్టోర్‌లో కొన్న మామూలు మొక్క. పైన ఉన్నది దాదాపు నూరేళ్ల వంశం ఉన్న అంజీర. ఆ అంజీర పెరిగిన ఇంటిని పడగొట్టించింది మేమే.

మేము అంటే ఎవరో చెప్పాలి కదా. ఈ రాస్తున్న మనిషి, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. సివిల్‌లో డిప్లొమా చేసి, గల్ఫ్‌లో ఆరేళ్లు సైట్ల మీద ఎండలో మాడి, మా ఆవిడ నర్సు ఉద్యోగం పుణ్యమా అని వచ్చిన గ్రీన్‌కార్డు మీద ఇక్కడికి చేరాం. పాత ఇళ్లు తీసేసి ఆ స్థలంలో కొత్తవి కట్టే ఒక చిన్న కంపెనీలో సూపర్‌వైజర్ పని. మొక్కల గురించి మాకు పెద్దగా ఏమీ తెలీదు. అయినా ఒక అంటు కట్టి బతికించాం. మాకు కుదిరిన పని మీ ఇంట్లోనూ కుదురుతుందని, దానితో పాటు మేం చేసిన తప్పులు మీరు చెయ్యకూడదని ఈ నాలుగు మాటలు.

కూలే ఇంటికి దిష్టిబొమ్మా?

2022 నవంబర్‌లో కొలతల కోసం ఒక పాత ఇంటికి వెళ్లాం. ఇంటాయనకి ఎనభై నాలుగేళ్లు. భార్య పోయింది. ఇల్లు అమ్మేసి, ఇదే రాష్ట్రంలో కూతురి అపార్ట్‌మెంట్‌కి వెళ్లిపోతున్నాడు. టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్తే ఒక్క క్షణం గుండె జారింది. మనిషెత్తు కంటే ఎక్కువ ఎత్తులో ఒక ఆకారం. ఒంటి నిండా పాత కార్పెట్లు, వాటి మీద టార్పాలిన్, చుట్టూ తాళ్లు, నెత్తిన బోర్లించిన ప్లాస్టిక్ బకెట్! మన ఊళ్లో కట్టే ఇంటికి దిష్టిబొమ్మ వేలాడదీస్తాం, ఈయన కూలే ఇంటికి కట్టాడేమిటా అనుకున్నాం.

"అంజీర చెట్టు. చలికి చచ్చిపోకుండా చుట్టాను" అన్నాడు పెద్దాయన.

"జనవరిలో ఇల్లు తీసేస్తున్నాం కదండీ, ఇప్పుడు చుట్టడం ఎందుకు?" అని అడిగాం.

"ఆ సంగతి చెట్టుకి తెలీదు కదా" అన్నాడు.

ఇంకేం మాట్లాడతాం? టేపు చుట్టేసుకుని, ఆయన ఇచ్చిన కాఫీ తాగుతూ మెట్ల మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు. వాళ్ల తాత ఇటలీ దక్షిణాన కలాబ్రియా నుంచి ఓడలో వచ్చాడట. తాపీ పని. పెట్టెలో రెండు జతల బట్టలు, పనిముట్లు, తడిగుడ్డలో చుట్టిన ఒక అంజీర కొమ్మ. ఆ కొమ్మ నుంచి వచ్చిన చెట్టే ఇది. కొన్ని చలికాలాల్లో పైనంతా చచ్చిపోయినా వేరు నుంచి మళ్లీ లేచిందట.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. 1880 నుంచి 1920ల దాకా దాదాపు 40 లక్షల మంది ఇటలీ వాళ్లు అమెరికాకి వచ్చారు. ఎక్కువమంది దక్షిణాది పల్లెల వాళ్లు. రాళ్లు కొట్టారు, సొరంగాలు తవ్వారు, ఇటుకలు పేర్చారు. ఒక్కమాటలో మన వృత్తి వాళ్లే. 1924లో వచ్చిన వలస చట్టం వాళ్ల రాకను బాగా తగ్గించేసింది. అదే చట్టం మన ఆసియా వాళ్లకి తలుపు దాదాపు పూర్తిగా మూసింది. ఆ తలుపు మళ్లీ బాగా తెరుచుకున్నది 1965 చట్టంతో. ఈ రోజు ఎడిసన్, ఇసెలిన్‌ల్లో ఓక్ ట్రీ రోడ్డు మీద మనం ఇడ్లీ తింటున్నామంటే దాని చలవే. న్యూజెర్సీలో, బ్రూక్లిన్‌లో పాత ఇటాలియన్ వీధుల్లో చలికాలం తిరిగితే ఇలా కార్పెట్లు కట్టుకుని, బకెట్ పెట్టుకుని నిలబడ్డ అంజీర చెట్లు ఇప్పటికీ కనబడతాయి. కొందరైతే ఒక పక్క వేళ్లు తెంచి, చెట్టునే పడుకోబెట్టి, పలకలు, మట్టి కప్పేసి వసంతంలో మళ్లీ లేపుతారు.

ప్లాను చూస్తే చెట్టు సరిగ్గా కొత్త ఫౌండేషన్ మధ్యలో ఉంది. వేళ్లతో సహా లేపడానికి యంత్రం ఉంది కానీ, పెట్టడానికి చోటేది? ఆయనది అపార్ట్‌మెంట్, మాది అద్దె టౌన్‌హౌస్. నేలలో పాతడానికి ఒప్పందంలో వీల్లేదు. "కొమ్మలు కావాలంటే కోసుకో" అన్నాడు పెద్దాయన. యజమానికి చెబితే ఆయనా సరేనన్నాడు. 2023 జనవరిలో మెషీన్ రావడానికి ముందు శనివారం కార్పెట్లు విప్పి, పెన్సిల్ లావు కొమ్మలు ఇరవై నాలుగు కోసుకొచ్చాం. సోమవారం సాయంత్రానికి ఇల్లూ లేదు, చెట్టూ లేదు. ఆ ఇరవై నాలుగు పుల్లలే మిగిలాయి.

కొమ్మ పాతితే చాలదా?

చాలు. నిజానికి అంజీరకి అంతకన్నా సులువైన పని లేదు. మునగ కొమ్మ నాటినట్టే నాటితే వేరు పోసుకుంటుంది. కానీ మేం అక్కడే దెబ్బతిన్నాం.

పన్నెండు పుల్లలు ప్లాస్టిక్ గ్లాసుల్లో మట్టి పోసి నాటాం. ఇంట్లో వెచ్చగా కిటికీ దగ్గర పెట్టి, పిల్లలు పోటీ పడి రోజూ నీళ్లు పోశారు. మూడు వారాలకి చిన్న చిన్న ఆకులు వచ్చాయి. పండగ చేసుకున్నాం. వారం తిరిగేసరికి ఆకులు వాడిపోయాయి. లాగి చూస్తే అడుగున వేరు లేదు, అంతా కుళ్లు! తర్వాత తెలిసింది, పుల్లలో దాచుకున్న తిండితోనే ముందు ఆకులు వస్తాయని, ఆకు వచ్చిందంటే వేరు వచ్చినట్టు కాదని. వేరు లేని పుల్లకి రోజూ నీళ్లు పోస్తే కుళ్లక ఏం చేస్తుంది? పన్నెండూ పోయాయి.

మిగతా పన్నెండు తడి పేపర్ టవల్‌లో చుట్టి, జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో దాచాం. అవి కాస్త నయం. నాలుగింటికి బూజు పట్టింది, ఎనిమిది మిగిలాయి. టవల్ మరీ తడిగా పెట్టడం వల్ల వచ్చిన బూజు అది. పిండితే ఒక్క చుక్క కూడా రాకూడదు, అంత తడి చాలు. ఇంకో మాట, అదే అరలో ఆపిల్ పళ్లు పెట్టకండి. పండే పళ్లు వదిలే ఇథిలీన్ వాయువు మొగ్గలకి మంచిది కాదు.

మళ్లీ తెచ్చుకుందామంటే చెట్టు లేదు. అప్పుడు గుర్తొచ్చారు మా మావయ్య గారు. తూర్పు గోదావరిలో కడియం నర్సరీల గురించి వినని తెలుగువాడు ఉండడు. మావయ్య గారు అక్కడ ముప్పై ఏళ్లు మామిడి, సపోటా అంట్లు కట్టిన మనిషి. వీడియో కాల్‌లో మా ఎనిమిది పుల్లలు చూపించాం.

"బాబూ, మీరు ఎనిమిది పుల్లలతో జూదం ఆడకండి. వేళ్లున్న మొక్క ఒకటి తెచ్చుకోండి. దాని వేళ్ల మీద దీన్ని కూర్చోబెడదాం. కొత్త పెళ్లికూతురికి వంటిల్లు సర్దిపెట్టి ఇచ్చినట్టన్నమాట" అన్నారు.

అంటు వల్ల లాభం అదే. మొదలు మొక్కకి వేళ్లు ముందే ఉంటాయి కాబట్టి పుల్ల తొందరగా ఎదుగుతుంది, మరుసటి ఏడే కాపు చూడొచ్చు. చోటు తక్కువున్న వాళ్లు ఒకే కుండీలో రెండు మూడు రకాలు కాయించుకోవచ్చు. టెక్సాస్, ఫ్లోరిడాల్లో ఇసక నేలల్లో ఉన్న వాళ్లకి ఇంకో బాధ ఉంది. కంటికి కనిపించని నులిపురుగులు అంజీర వేళ్లలో చేరి బుడిపెలు కట్టించి చెట్టుని నీరసపరుస్తాయి. వాటిని తట్టుకునే మొదలు మీద అంటు కట్టడం ఒక దారి. మన దేశంలో ఊరి మేడిచెట్టు మొదలు మీద అంజీరని అంటు కట్టి చూసిన ప్రయోగాలు అందుకే జరిగాయి. మేడి, అంజీర ఒకే కుటుంబం మరి.

సామాన్లు: సైట్ సంచిలో సగం ఉన్నాయి

అంటు కత్తి కొనాల్సిన పని లేదు. మా సంచి విప్పితే దొరికినవి ఇవి:

యుటిలిటీ కత్తి, కొత్త బ్లేడుతో. పాత బ్లేడు కోయదు, నలుపుతుంది. నలిగిన చోట అంటు అతకదు.

ప్లంబర్లు పైపు మరలకి చుట్టే తెల్ల టేపు. అతుక్కోదు, సాగుతుంది, నీటిని వదలదు. దొరికితే పారాఫిల్మ్ ఇంకా మంచిది, మొగ్గ దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది.

వెడల్పాటి రబ్బరు బ్యాండు ఒకటి, కత్తిరించి పట్టీలా చేసుకోవాలి. కరెంటు టేపైనా సరే, జిగురు వైపు బయటికి వచ్చేలా చుట్టండి.

శాండ్‌విచ్ కవర్లు, వంటింటి అల్యూమినియం ఫాయిల్, సన్నటి వెదురు పుల్ల, బ్లేడు తుడవడానికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

ఇక చేతులకి గ్లవ్స్. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అంజీర పాలు చర్మానికి తగిలి, ఆపైన ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు లేస్తాయి. మచ్చలు వారాల తరబడి ఉంటాయి. మేం మొదటిసారి గ్లవ్స్ లేకుండా చేశాం. "సిమెంటుకే భయపడని చెయ్యి, చెట్టు పాలకి భయపడుతుందా" అనుకున్నాం. నర్సు గారి చేత తిట్లు తిన్నాకే బుద్ధొచ్చింది.

మొదలు మొక్కలుగా దగ్గర్లోని పెద్ద స్టోర్‌లో మూడు బ్రౌన్ టర్కీ మొక్కలు కొన్నాం.

మొదటి నాలుగూ పోయాయి

2023 ఏప్రిల్ మొదటి వారం. నాలుగు అంట్లు కట్టాం. నాలుగూ ఎండిపోయాయి. ఏం తప్పు చేశాం? గ్యారేజీలో ఇంకా చలిగా ఉంది. మొదలు మొక్క నిద్ర లేవలేదు. రెండూ నిద్రపోతుంటే గాయం పూడేదెలా? అంటు అతకడానికి 70 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి. మావయ్య గారు ఒక్క మాటలో తేల్చారు: "పుల్ల పడుకుని ఉండాలి, మొక్క లేచి ఉండాలి బాబూ."

అంటే పుల్ల ఫ్రిజ్‌లోనే మొగ్గ కదలకుండా ఉండాలి. కుండీలో మొక్క మాత్రం పచ్చ మొగ్గ పగిలి, రసం పైకి ఎక్కుతూ ఉండాలి. మా న్యూజెర్సీలో అది మే నెల. టెక్సాస్ వాళ్లకి అంతకన్నా చాలా ముందే వస్తుంది. క్యాలెండర్ చూడకండి, మొక్కని చూడండి.

అప్పటికి చేతిలో నాలుగే పుల్లలు. నూరేళ్ల చెట్టు లెక్క నాలుగు పుల్లలకి వచ్చింది. మా ఆవిడ "ఈసారి మా నాన్న ఫోన్లో ఉండగానే కత్తి పట్టుకోండి" అని షరతు పెట్టింది. మే నెల మధ్యలో ఒక ఆదివారం ఉదయం, అక్కడ సాయంత్రం, ఫోన్ బకెట్‌కి ఆనించి పెట్టి మొదలుపెట్టాం.

మావయ్య గారు చెప్పిన వరస

1. ముందురోజు మొదలు మొక్కకి నీళ్లు పెట్టాలి. మర్నాడు కాండాన్ని జానెడు ఎత్తున అడ్డంగా, సమంగా కోయాలి. వెంటనే పాలు కారతాయి. కంగారు పడక్కర్లేదు. తడిగుడ్డతో తుడుస్తూ పది పదిహేను నిమిషాలు ఆగితే తగ్గుతాయి.

2. ఫ్రిజ్‌లోంచి పుల్ల తీసి గోటితో బెరడు కొంచెం గీకాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగు వస్తే పారెయ్యడమే. రెండు మూడు మొగ్గలుండేలా ముక్క కోసుకోవాలి. ఏది పైన, ఏది కింద అన్నది మర్చిపోకూడదు. తలకిందులుగా పెడితే అతకదు.

3. పుల్ల అడుగుని రెండు వైపులా ఏటవాలుగా, ఉలి మొనలా చెక్కాలి. పొడవు అంగుళం పావు. ఒక్కో వైపు ఒకటే కోత పడాలి. చెక్కిందే చెక్కితే ఎత్తుపల్లాలు వచ్చి మధ్యలో గాలి మిగులుతుంది. ముందుగా పనికిరాని కొమ్మల మీద ఓ ఇరవై కోతలు కోసి చెయ్యి కుదుర్చుకోండి.

4. మొదలు మొక్క కోసిన చోట నడిమధ్యన బ్లేడు నిలిపి, అంగుళంన్నర లోతు చీల్చాలి. బ్లేడు జారితే వేలు పోతుంది. చెయ్యి ఎప్పుడూ బ్లేడు దారికి పక్కనే ఉండాలి.

5. ఇప్పుడు అసలు పని. బెరడు కింద సన్నటి పచ్చటి పొర ఉంటుంది. దాన్నే కేంబియం అంటారు. పెరుగుదలంతా దానిలోనే. పుల్లలోని పచ్చపొర, మొదలులోని పచ్చపొర ఒకదానికొకటి తగలాలి. రెండూ ఒకే లావు లేకపోతే మధ్యలో పెట్టకండి, ఒక అంచుకి జరిపి ఆ ఒక్క వైపైనా కలపండి. మా భాషలో చెప్పాలంటే, పైన ప్లాస్టరింగ్ లెవెల్ కలిస్తే లాభం లేదు, లోపల ఇటుక లెవెల్ కలవాలి.

6. కదలకుండా రబ్బరు పట్టీతో బిగించి కట్టాలి. దాని మీద తెల్ల టేపు నాలుగు చుట్లు. పుల్ల తలకాయ కోసిన చోట కూడా మూసెయ్యాలి, లేకపోతే అక్కడినుంచే తేమంతా పోతుంది. తెల్ల టేపు వాడితే మొగ్గలని మాత్రం వదిలెయ్యాలి.

7. పైన శాండ్‌విచ్ కవర్ తొడిగి, లోపల రెండు చుక్కల నీళ్లు వేసి, కింద కట్టెయ్యాలి. ఎండ వైపు ఫాయిల్ చుట్టి, కుండీని వెచ్చటి నీడలో పెట్టాలి. ఎండలో పెడితే కవర్లో పుల్ల ఉడికిపోతుంది.

8. ఇక ముట్టుకోకూడదు! మూడు నుంచి ఐదు వారాలు. రోజూ కదిపి చూసేవాడి అంటు బతకదు. ఈలోగా అంటు కింద నుంచి మొదలు మొక్క సొంత చిగుళ్లు వేస్తుంది. వాటిని గిల్లెయ్యాలి. లేకపోతే తిండంతా అవే తినేస్తాయి.

చివర మావయ్య గారు అడిగిన ప్రశ్న మేం మర్చిపోలేం. "బాబూ, ఆ ముసలాయనకి ఈ సంగతి చెప్పారా?" అన్నారు. చెప్పలేదు. చచ్చిపోతే ఏం చెప్పాలన్న భయం.

నాలుగు వారాలకి మూడు పుల్లల్లో మొగ్గ పగిలింది. నాలుగోది నల్లబడింది. రెండేసి ఆకులు విప్పాక కవర్ మూల కొంచెం కొంచెం తెరుస్తూ వారానికి పూర్తిగా తీశాం. ఒకదాన్ని పిల్లాడి బంతి విరగ్గొట్టింది. వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఎవరం ఏమీ అనలేదు. మిగిలిన రెండింటికీ వెదురు పుల్ల ఊతం కట్టాం. మీరు మొదటి రోజే కట్టండి. మూడు నెలలకి కాండం లావెక్కుతుంటే రబ్బరు పట్టీ కోసి వదులు చేశాం. లేకపోతే అదే ఉరితాడవుతుంది.

ఏ రకం పుల్ల పడితే ఆ రకం వద్దు

అంజీరలో ఒక మెలిక ఉంది. మన వేమన మేడిపండులో చూపిన పురుగుల్లో మేడికి పరాగ సంపర్కం చేసే చిన్న కందిరీగలూ ఉంటాయి. అంజీరలోనూ కొన్ని రకాలకి అలాంటి కందిరీగ తప్పనిసరి.

కాలిఫోర్నియా వాళ్లు ఈ పాఠం ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. అక్కడికి అంజీరని స్పెయిన్ మతగురువులు తెచ్చారు. 1769లో శాన్‌డియాగోలో మొదలైన మిషన్ల తోటల వల్లే నల్ల అంజీరకి మిషన్ అని పేరొచ్చింది. దానితో ఇబ్బంది లేదు. 1880ల్లో టర్కీలోని స్మిర్నా, అంటే ఇప్పటి ఇజ్మీర్, అక్కడి పేరున్న రకం కొమ్మలు తెప్పించి నాటారు. చెట్లు ఏపుగా పెరిగాయి. కాయలు మాత్రం ముదరకుండానే రాలిపోయేవి. కొమ్మలైతే వచ్చాయి కానీ, వాటితో కందిరీగ రాలేదు! ఫ్రెస్నోలో జార్జ్ రోడింగ్ అనే రైతు ఏళ్ల తరబడి పట్టువదలకుండా ప్రయత్నించాడు. చివరికి 1899లో అమెరికా వ్యవసాయ శాఖ అల్జీరియా నుంచి పంపిన కందిరీగలు ఆయన తోటలో నిలదొక్కుకున్నాయి. అప్పుడు కాయ నిలిచింది. ఆ రకానికే కాలిఫోర్నియా, స్మిర్నా కలిపి కాలిమిర్నా అని పేరు పెట్టారు.

దీనివల్ల మనకి తెలిసేదేమిటి? న్యూజెర్సీ, ఇల్లినాయిస్ లాంటి చోట్ల ఆ కందిరీగ ఉండదు. ఎవరైనా కాలిమిర్నా పుల్ల ఇస్తే అంటు అతుకుతుంది కానీ పండు తినలేరు. బ్రౌన్ టర్కీ, సెలెస్ట్, చికాగో హార్డీ లాంటి మామూలు రకాలు ఏ పురుగూ అక్కర్లేకుండానే కాస్తాయి. శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు. మా ముసలాయన చెట్టూ న్యూజెర్సీలో నూరేళ్లుగా కాస్తోంది కాబట్టి ఆ జాతిదే.

ఇంకో జాగ్రత్త ఉంది. అంజీరకి మొజాయిక్ అనే వైరస్ తెగులు ఉంది. ఆకుల మీద పసుపు మచ్చలు, వంకర్లు వస్తాయి. మందు లేదు. అంటు పుల్లతో పాటే అదీ వస్తుంది. మేం చలికాలంలో కోశాం కాబట్టి ఆకు చూసే వీల్లేకపోయింది. మీరైతే వేసవిలోనే చెట్టుని చూసి పెట్టుకోండి. ప్రతి చెట్టుకీ బ్లేడు ఆల్కహాల్‌తో తుడవండి. అనుమానం వస్తే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుని అడగండి. మా దగ్గర రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు నడుపుతారు. ఇలాంటి ఆఫీసులు ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నాయి. మనవాళ్లు వాటిని వాడుకోవడం తక్కువ.

సూట్‌కేసులో కొమ్మ... ఆ రోజులు పోయాయి

ఇది చదివి "ఈసారి ఊరెళ్లినప్పుడు మా పెరటి కొమ్మ ఒకటి తెచ్చేస్తే పోలా" అనుకునే వాళ్లుంటారు. మేమూ అనుకున్నాం. పెద్దాయన తాత తెచ్చాడు కదా అని వాదించుకున్నాం కూడా. కానీ అలా చెయ్యకండి. నాటే మొక్కలు, కొమ్మలు అవసరమైన అనుమతులు, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా అమెరికాలోకి తేకూడదు. ఎయిర్‌పోర్టులో చెప్పకుండా దాస్తే సామాను పోవడమే కాదు, జరిమానా కూడా పడుతుంది. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ తలనొప్పి అవసరమా? ఇక్కడి కొమ్మ అక్కడికి తీసుకెళ్లాలన్నా అంతే. మన దేశంలోనూ 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం పర్మిట్ కావాలి. గల్ఫ్ నుంచి వెళ్లే వాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

ఇది వట్టి కాగితాల గొడవ కాదు. కాలిఫోర్నియాలో 2021లో నల్ల అంజీర ఈగ అనే కొత్త పురుగు బయటపడింది. కాయలోకి దూరి తొలిచేస్తుంది. దారి తెలియకుండా వచ్చిన ఒక్క పురుగు వల్ల తోటలున్న రైతులంతా కంగారు పడాల్సి వచ్చింది. ఆ రైతుల దగ్గర కూలికి వెళ్లే వాళ్లూ మనలాంటి వలస వాళ్లే. కాబట్టి పక్కింటి చెట్టుని అడగండి. అడిగితే కాదనే వాళ్లు తక్కువ.

చలికాలం మా గ్యారేజీలో

ఉష్ణోగ్రత 15, 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగితే అంజీర కొమ్మలు దెబ్బతింటాయి. మన అంటుకి ఇంకో ప్రమాదం కూడా ఉంది. అంటు కింద దాకా చచ్చిపోతే, మళ్లీ లేచేది మొదలు మొక్కే. పై రకం పోయినట్టే. నేలలో నాటే వాళ్లు అందుకే అంటు బుడిపెని మట్టిలో పూడేలా నాటడం మంచిది. అప్పుడు పై రకం కూడా సొంత వేళ్లు వేస్తుంది.

కుండీలో ఉన్నవాళ్లకి పని తేలిక. ఆకులన్నీ రాలాక కుండీని వేడి పెట్టని గ్యారేజీలోకి జరపాలి. ఆకు లేదు కాబట్టి వెలుతురు అక్కర్లేదు. నెలకోసారి ఒక గ్లాసు నీళ్లు చాలు. గ్యారేజీ లేకపోతే మెట్ల కిందైనా సరే, గడ్డకట్టకుండా చల్లగా ఉంటే చాలు. అపార్ట్‌మెంట్ నుంచి అపార్ట్‌మెంట్‌కి, ఊరి నుంచి ఊరికి పెట్టెలు సర్దుకుంటూ తిరిగే మనలాంటి వాళ్లకి కుండీ చెట్టే సరైంది. అదీ మనతో పాటే ట్రక్ ఎక్కుతుంది.

పండు

2024 సెప్టెంబర్‌లో రెండు చెట్లకీ కలిపి పదకొండు కాయలు నిలిచాయి. మొదటి పండు మెడ వంచి, మెత్తబడగానే కోశాం. బ్రౌన్ టర్కీ లాంటి రంగే కానీ లోపల ఎరుపు ఎక్కువ, తీపిలో కాస్త తేనె వాసన. నలుగురం నాలుగు ముక్కలు తిన్నాం. మిగతా పళ్లున్న కుండీని మర్నాడే వ్యాన్లో ఎక్కించి గంటన్నర దూరంలో ఉన్న పెద్దాయన కూతురి ఇంటికి తీసుకెళ్లాం.

ఆయన ముందు పండు చూడలేదు. కళ్లద్దాలు సర్దుకుని వంగి, వేలితో ఆ బుడిపె తడిమి చూశాడు. "ఈ కింద ఉన్నదెవరు?" అన్నాడు. "స్టోర్‌లో కొన్నది" అన్నాం. "మంచిది. దానికి కూడా థాంక్స్ చెప్పాలి" అన్నాడు. తర్వాత పండు విప్పి తిన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కూతురు లోపలికి వెళ్లి కాసేపటికి కాఫీ తెచ్చింది.

ఆ కుండీ ఇప్పుడు వాళ్ల బాల్కనీలోనే ఉంది. రెండోది మా దగ్గర ఉంది. 2025 వసంతంలో దాని పుల్లలతో ఇంకో మూడు అంట్లు కట్టాం. ఒకటి మా సైట్‌లో వడ్రంగి పని చేసే గ్వాటెమాలా తమ్ముడికి, ఒకటి కర్నూలు నుంచి వచ్చి కొత్తగా ఇల్లు కొన్న మిత్రుడికి ఇచ్చాం. మూడోది మా పిల్లాడిది. అంటు వాడే కట్టాడు, ఇంట్లో బంతి ఆట మానేశాడు.

ఏటా నవంబర్ రాగానే ఫోన్ మోగుతుంది. హలో, బాగున్నావా ఏమీ ఉండదు. "చుట్టావా?" అంటాడు పెద్దాయన. గ్యారేజీలో పెట్టాం, చుట్టక్కర్లేదు అని చెబితే వినడు. అందుకే మేమూ ఒక పాత దుప్పటి తీసి, కాండం చుట్టూ కప్పి, ఫోటో పంపిస్తాం. మీ వీధిలోనూ ఇలా బకెట్ పెట్టుకున్న చెట్టు ఒకటి ఉండే ఉంటుంది. ఈ చలికాలం ఆ ఇంటి తలుపు ఒకసారి తట్టి చూడండి.